ఇంట్లో ఎవరికీ రాని భాషలో ఒకటో తరగతి

(కెనడాలోని టొరంటో శివార్లలో ఒక తెలుగు సంఘం ఏర్పాటు చేసిన తల్లిదండ్రుల సమావేశంలో, ఫ్రెంచ్ ఇమ్మర్షన్ ఒకటో తరగతి టీచరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినబడుతోందా? సరే.

జనవరి వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో రెండే చర్చలు. సంక్రాంతి పాట్‌లక్‌కి ఎవరేం తెస్తున్నారు, పిల్లని ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో వెయ్యాలా వద్దా. మొదటిదాని సంగతి కమిటీవాళ్ళు చూసుకుంటారు. రెండోదాని గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇమ్మర్షన్ అంటే తెలుసు కదా, ఇంట్లో ఫ్రెంచ్ లేని పిల్లలకి బడిలో పాఠాలే ఫ్రెంచ్‌లో చెప్పే పద్ధతి. ఇమ్మర్షన్ మంచిదా చెడ్డదా అని వాదించను. మా క్లాసులో ఒక వారం ఎలా నడుస్తుందో సోమవారం నుంచి శుక్రవారం దాకా చెప్తాను. విన్నాక మీరే తేల్చుకోండి.

ఏ వారం అంటే, నవంబరు మూడో వారం అనుకుందాం. సెప్టెంబరులో పిల్లలు ఏడుస్తారు, జూన్‌కి గలగలా మాట్లాడతారు. మధ్యలో నవంబరు తల్లిదండ్రులు ఏడ్చే నెల. (నవ్వులు) పేరెంట్ టీచర్ ఇంటర్వ్యూలో నా ఎదురుగా కూర్చుని, "బడి మొదలై ఇన్నాళ్ళయింది, మావాడు ఒక్క ఫ్రెంచ్ ముక్క మాట్లాడ్డం లేదండీ, మాకేమో రాదు, తప్పు చేశామా?" అంటారు. మనవాళ్ళే కాదు, పంజాబీవాళ్ళూ, చైనావాళ్ళూ, తమిళులూ, ఇక్కడే పుట్టిపెరిగిన ఇంగ్లిష్‌వాళ్ళూ అందరూ అదే మాట. కాబట్టి ఆ నెల గురించే మాట్లాడదాం.

నా గురించి ఒక్క ముక్క. నాది కాకినాడ. పక్కనే యానాం, 1954 దాకా ఫ్రెంచ్‌వాళ్ళ చేతిలో ఉన్న తెలుగు ఊరు. అందుకని నాకు ఫ్రెంచ్ అక్కడే వచ్చిందనుకుంటారు కొందరు. నిజానికి మా తరంలో చాలామందిలాగే నేనూ ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్నాను, మార్కులు బాగా పడతాయని. పడ్డాయి కూడా. క్రియలన్నీ వరసపెట్టి అప్పజెప్పేదాన్ని. ఇక్కడికొచ్చి మొదటిసారి కారులో ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్ రాష్ట్రం రేడియో పెడితే వాతావరణం చెప్తున్నాడో, ధరలు చెప్తున్నాడో బోధపడలేదు. అలా నేర్చుకోవడానికీ, మా క్లాసులో పిల్లలు నేర్చుకోవడానికీ ఎంత తేడా ఉందో వింటూంటే మీకే తెలుస్తుంది.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మనముండే ఆంటారియో రాష్ట్రంలో బడిలో ఫ్రెంచ్ అంటే ఒక్కటి కాదు. మామూలు ఇంగ్లిష్ బడిలో నాలుగో తరగతి నుంచి అందరికీ ఉండే పీరియడ్‌ని కోర్ ఫ్రెంచ్ అంటారు. ఎనిమిదో తరగతి అయ్యేసరికి 600 గంటలు అవ్వాలి. ఇమ్మర్షన్ అయితే అదే ఎనిమిదో తరగతికి కనీసం 3,800 గంటలు. ఇవి కాక ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్న కుటుంబాల కోసం వేరే స్కూలు బోర్డుల (ఒక ప్రాంతంలో సర్కారు బడులు నడిపే సంస్థల) కింద పూర్తి ఫ్రెంచ్ బడులు ఉన్నాయి. అది 1982 రాజ్యాంగం 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు, దాని సంగతి వేరు. ఇక క్యుబెక్‌లోని మాంట్రియల్‌కి మారే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఈ ఉపన్యాసం మర్చిపొండి. అక్కడ 1977 నాటి భాషా చట్టం ప్రకారం కొత్తగా వచ్చినవాళ్ళ పిల్లలు మామూలుగా నేరుగా ఫ్రెంచ్ బడికే వెళ్ళాలి.

ఇమ్మర్షన్‌లోనూ బోర్డుకో పద్ధతి. కొన్నిచోట్ల కిండర్‌గార్టెన్‌లోనే మొదలు, కొన్నిచోట్ల ఒకటో తరగతిలో. కొన్నిచోట్ల సగం రోజు ఫ్రెంచ్, సగం ఇంగ్లిష్. మా దగ్గర ఒకటి నుంచి మూడు దాకా రోజంతా ఫ్రెంచే, నాలుగులో ఇంగ్లిష్ వచ్చి చేరుతుంది. నేను చెప్పేది ఆ రోజంతా ఫ్రెంచ్ నడిచే క్లాసు గురించి.

సోమవారం పొద్దున్న. బెల్లు కొట్టారు. బయట మొదటి మంచు పడింది. ఆరేళ్ళ పిల్లలు ఇరవై మంది కోటు, స్నో ప్యాంటు, బూట్లు, టోపీ, మిటెన్లు (చలికి వేసుకునే చేతి తొడుగులు) విప్పి కొక్కేలకి తగిలించాలి. మీకది కాలయాపనలా కనిపిస్తుంది. నాకది వారంలో అన్నింటికంటే మంచి భాషా పాఠం. "తె బోత్, సిల్ తు ప్లే" అని బూట్లు చూపిస్తాను. "ఊ సోఁ తె మితెన్?" అని రెండు చేతులూ ఊపి, లేవే అన్నట్టు మొహం పెడతాను. ఆ పిల్లాడు వాటికోసం వెతుక్కుంటాడు. అంటే అర్థమైందన్నమాట. నేను అనువాదం చెయ్యలేదు, వాడూ చేసుకోలేదు. ఇదే పని రోజుకి నాలుగైదు సార్లు, రిసెస్‌కి, అంటే ఆటవిడుపుకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ. కెనడా చలికాలం నాకు జీతం లేని అసిస్టెంటు. (నవ్వులు)

తర్వాత అందరూ తివాచీ మీద చేరతారు. ఆరోజు వంతు వచ్చిన పిల్ల కర్ర పట్టుకుని కేలండర్ దగ్గర నిలబడుతుంది. "ఒజూర్ద్వీ, సె లందీ." ఈరోజు సోమవారం. "కెల్ తాఁ ఫెతిల్?" వాతావరణం ఎలా ఉంది? కిటికీలోంచి చూసి, "ఇల్ నేజ్!" (మంచు పడుతోంది) అని అందరూ అరుస్తారు. రోజూ అవే ప్రశ్నలు, అవే జవాబులు. పెద్దవాళ్ళకి విసుగు. ఆరేళ్ళవాళ్ళకి మాత్రం తర్వాత ఏమొస్తుందో తెలియడం పెద్ద ధైర్యం. ఆ ధైర్యం ఉన్నచోటే కొత్త మాట ఒకటి లోపలికి వెళ్తుంది.

మరి వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఏ భాషలో మాట్లాడుకుంటారు? ఇంగ్లిష్‌లోనే. దాచడమెందుకు! నాతో కూడా సగం ఇంగ్లిష్‌లోనే చెప్తారు, నేను ఫ్రెంచ్‌లో జవాబిస్తాను. మీ ఇళ్ళల్లో మీరు తెలుగులో అడుగుతారు, పిల్లలు ఇంగ్లిష్‌లో జవాబిస్తారు కదా, అదే దృశ్యం. అయినా వాళ్ళకి మీరు అన్నది అర్థం కాలేదని మీరు అనుకోరు. నవంబరులో మా క్లాసు కూడా అలాగే ఉంటుంది. లోపలికి వెళ్ళేది బోలెడు, బయటికి వచ్చేది తక్కువ. ఫ్రెంచ్‌లో అందరికీ కంఠతా వచ్చిన ఒకే ఒక పెద్ద వాక్యం, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చా అన్నది. అవసరం అలాంటిది.

ఈ పద్ధతి ఎవరి కోసం పుట్టిందో ఇక్కడే చెప్పాలి. మాంట్రియల్‌కి ఎదురుగా, సెయింట్ లారెన్స్ నదికి దక్షిణపు ఒడ్డున సెయింట్ లాంబర్ట్ అని ఒక ఊరుంది. 1960లలో అక్కడి ఇంగ్లిష్ కుటుంబాల పిల్లలు బడిలో ఏళ్ళ తరబడి ఫ్రెంచ్ చదివినా, పక్కింటి ఫ్రెంచ్ పిల్లాడితో మాట్లాడలేకపోయేవారు. క్యుబెక్‌లో రాజకీయం మారుతోంది, ఫ్రెంచ్ రాకుండా అక్కడ బతకడం కష్టమని తల్లిదండ్రులకి తెలుస్తోంది. ఓల్గా మెలికాఫ్, మ్యూరియెల్ పార్క్స్, వాలరీ నీల్ అనే ముగ్గురు తల్లులు ముందుండి, బోర్డు ఒప్పుకోకపోయినా వదలకుండా వెంటపడ్డారు. మెక్‌గిల్ యూనివర్సిటీ నుంచి మెదడు సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్, సైకాలజీ ప్రొఫెసర్ వాలస్ లాంబర్ట్ వాళ్ళకి అండగా నిలిచారు. 1965 సెప్టెంబరులో మొదటి కిండర్‌గార్టెన్ క్లాసు తెరిచారు. అందులో చేరినవాళ్ళు ఇంట్లో ఫ్రెంచ్ లేని పిల్లలు. ఇప్పుడు దేశమంతా కలిపి 4 లక్షలకి పైగా పిల్లలు ఇందులో ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో ఫ్రెంచ్ లేదు. ఇంట్లో ఫ్రెంచ్ రాదన్నది మీరు నా దగ్గర సిగ్గుపడుతూ చెప్పే విషయం. ఈ ప్రోగ్రాం మొదలైందే ఆ లెక్క మీద. టీచర్లు మెల్లగా మాట్లాడడం, చేతులూ మొహం ఆడించడం, ప్రతి మాటకీ ఒక బొమ్మ, ఒకే వాక్యం పదిసార్లు, ఇవన్నీ ఇంటినుంచి ఏ సాయమూ రాదనుకునే తయారుచేసుకున్నవి.

మంగళవారం చదవడం. ఈ వారం మా శబ్దం "ఊ". ఫ్రెంచ్‌లో ఓ, యూ అనే రెండక్షరాలు పక్కపక్కన కూర్చుంటే చాలావరకు "ఊ" అనే పలుకుతాయి. లూ అంటే తోడేలు, ఇబూ గుడ్లగూబ, సూరీ ఎలుక, జెనూ మోకాలు. బొమ్మలు అతికిస్తాం, తోడేలులా ఊళ పెడతాం, మోకాళ్ళ మీద చరుచుకుంటాం. పక్క క్లాసు టీచరు తలుపు వేసుకుంటుంది. తర్వాత హల్లుని అచ్చుతో కలపడం. మా, మీ, మో, మూ. లా, లీ, లో, లూ. పలకల మీద రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. మీలో ఎవరైనా వచ్చి చూస్తే నవ్వుకుంటారు, అచ్చం మన గుణింతమే! క కా కి కీ దిద్దినవాళ్ళకి ఈ పద్ధతి గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇంగ్లిష్‌తో పోలిస్తే ఫ్రెంచ్ చదవడం ఒక రకంగా తేలిక. ఈ అక్షరాలు ఇలా ఉంటే ఇలాగే పలకాలి అన్న నియమం చాలావరకు నిలుస్తుంది. రాయడం దగ్గరికొస్తేనే తంటా. "ఓ" అన్న ఒక్క శబ్దాన్ని నాలుగు రకాలుగా రాయొచ్చు. తోడేలుని చెప్పే లూ అన్న మాట చివర ఒక పీ అక్షరం ఉంటుంది, పలకదు. అదెందుకు ఉందని ఒక పాప అడిగింది. నిద్రపోతోందని చెప్పాను. అప్పట్నుంచి మా క్లాసులో పలకని అక్షరాలన్నిటి మీదా పిల్లలు బూడిద రంగు వేసి చిన్న దుప్పటి గీస్తారు.

ఇంగ్లిష్ చదవడం మాటేమిటి? నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. మొదటి రెండు మూడేళ్ళలో, అంటే ఇంగ్లిష్ పాఠం మొదలవకముందు, ఇంగ్లిష్ పరీక్ష పెడితే ఇమ్మర్షన్ పిల్లలు స్పెల్లింగ్‌లోనూ చదవడంలోనూ కాస్త వెనకబడే ఉంటారు. సెయింట్ లాంబర్ట్ నాటి నుంచీ పరిశోధనల్లో అదే కనబడింది. ఇంగ్లిష్ పాఠం మొదలయ్యాక ఇంచుమించు ఏడాదిలో ఆ తేడా పోతుందనీ కనబడింది. అక్షరాలు కలిపి చదివే విద్య ఒకసారి పట్టుబడితే, దాన్ని రెండో భాషకి మళ్ళీ మొదటినుంచీ నేర్పక్కర్లేదు. మూడో తరగతిలో మీ పిల్ల స్పెల్లింగ్ చూసి, "అయ్యో, పక్కింటి పాప రాస్తోందే" అని కంగారుపడి ట్యూషన్ పెట్టకండి. పెడతారని తెలుసు. అయినా చెప్పడం నా ధర్మం. (నవ్వులు)

బుధవారం లెక్కలు. దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎందుకంటే పిల్లలకి ఇక్కడ భాష అసలు అడ్డం రాదు. ముందు క్యూబులుంటాయి. ఇవి ఎన్ని, అవి ఎన్ని, ఏవి ఎక్కువ. ఒకటో తరగతిలో 50 దాకా సంఖ్యలు. చేతిలో వస్తువు ఉన్నంతసేపూ కొంబియాఁ అంటే ఎన్ని అని ఎవరూ చెప్పక్కర్లేదు. తమాషా ఏమిటంటే 50 దాటాక. ఫ్రెంచ్‌లో డెబ్భైని అరవై-పది అంటారు. ఎనభై అంటే నాలుగు ఇరవైలు. తొంభై తొమ్మిది నాలుగు-ఇరవైల-పందొమ్మిది. బెల్జియంవాళ్ళూ స్విట్జర్లాండ్‌వాళ్ళూ డెబ్భైకీ తొంభైకీ వేరే మాటలు పెట్టుకుని హాయిగా ఉన్నారు. ఇక్కడ ఇమిగ్రేషన్ కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షకి తయారవుతున్న నాన్నలు ఈ అంకెల దగ్గర జుట్టు పీక్కుంటారు. ఇమిగ్రేషన్‌లో ఫ్రెంచ్‌కి అదనపు పాయింట్లు ఉన్నాయి, 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా డ్రాలు కూడా తీస్తున్నారు కదా. పిల్లలకి మాత్రం ఇదేమీ వింత కాదు. డెబ్భైకి పేరు అదే, అంతే.

గురువారం. నాకు ఇష్టమైన రోజు. సైన్స్.

బయటినుంచి మంచుగడ్డలు తెచ్చాం. ఒకే సైజువి మూడు గిన్నెల్లో పెట్టాం. ఒకదాన్ని అలాగే వదిలేశాం, రెండోదాన్ని కాగితంలో చుట్టాం, మూడోదాన్ని ఒక ఉన్ని మిటెన్‌లో దూర్చాం. ఏది ముందు కరుగుతుంది? పిల్లలు ఓటేశారు. ఇంచుమించు అందరూ మిటెన్‌కే. వాళ్ళ వాదం బలమైనదే, మిటెన్ వెచ్చగా ఉంటుంది, చేతులు పెడితే వేడెక్కుతాయి, కాబట్టి మంచు కూడా కరిగిపోతుంది. నేనేమీ అనలేదు. "జె పాన్స్ కె..." అని బోర్డు మీద రాశాను, నేను అనుకోవడం ఏమిటంటే అని. తక్కినది బొమ్మ గీయమన్నాను. లంచ్ అయ్యి, రిసెస్ అయ్యి వచ్చాం.

విడిగా పెట్టిన గడ్డ నీళ్ళయిపోయింది. కాగితంలోది సగమైంది. ఒక బాబు మిటెన్‌లో చెయ్యి పెట్టాడు. ఈ బాబు సెప్టెంబరు నుంచీ నాతో ఒక్క ఫ్రెంచ్ మాట సొంతంగా అన్నవాడు కాదు. వాళ్ళమ్మే ఇంటర్వ్యూలో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెయ్యి పెట్టి, నావైపు తిరిగి, నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంగ్లిష్‌లో చెప్పెయ్యొచ్చు, పక్కవాళ్ళందరూ చెప్తూనే ఉన్నారు. కానీ వాడికి నాకు చెప్పాలనుంది. "మదామ్! ల గ్లాస్... ఆంకోర్... లా!" అన్నాడు. మంచు, ఇంకా, అక్కడ. క్రియ లేదు, లింగం తప్పు (గ్లాస్ ఫ్రెంచ్‌లో స్త్రీలింగం, "ల" కాదు, "లా" అనాలి). విషయం మాత్రం పూర్తిగా ఉంది. వాడు అనుకున్నది తారుమారైంది, అది ఎవరికైనా చెప్పకుండా ఉండలేడు.

ఇప్పుడు టీచరు ఏం చెయ్యాలి? చాలామంది చేసేది, నేనూ తరచు చేసేది ఏమిటంటే, వాడి వాక్యాన్నే సరిచేసి మళ్ళీ అనడం. "వీ, లా గ్లాస్ ఎ ఆంకోర్ లా!" అని. మెక్‌గిల్‌లో రాయ్ లిస్టర్, లైలా రాంటా అని ఇద్దరు పరిశోధకులు మాంట్రియల్ ఇమ్మర్షన్ క్లాసుల్లో రికార్డు చేసి, 1997లో ఒక వ్యాసం అచ్చువేశారు. టీచర్లు అన్నిటికంటే ఎక్కువ వాడేది ఈ సరిచేసి చెప్పడమేననీ, పిల్లలు తమ తప్పుని తాము దిద్దుకోవడం దీని తర్వాతే అన్నిటికంటే తక్కువనీ అందులో తేలింది. పిల్లాడికి టీచరు తన మాట ఒప్పుకుందనిపిస్తుంది గానీ దిద్దిందని అనిపించదు. అందుకని ముందు సంతోషపడతాను. మంచు చూస్తాను, ఆశ్చర్యపోతాను. ఆ తర్వాత, "ల గ్లాస్? లా గ్లాస్?" అని రెండూ వాడిముందు పెట్టి ఊరుకుంటాను. వాడు కాసేపు ఆలోచించి "లా" అన్నాడు. తర్వాత రోజు మళ్ళీ "ల" అన్నాడనుకోండి. ఫరవాలేదు.

మంచు ఎందుకు కరగలేదో కూడా మాట్లాడుకున్నాం. మిటెన్‌కి సొంత వేడి లేదు, వేడి మన చేతిది, మిటెన్ దాన్ని బయటికి పోనివ్వదు, అలాగే బయటి వేడిని లోపలికి రానివ్వదు. ఇంత సంగతి ఫ్రెంచ్‌లో ఒకటో తరగతికి చెప్పగలమా? చేతులతో, బొమ్మలతో, "షో" (వేడి), "ఫ్రవా" (చల్లన) అన్న రెండు మాటలతో చెప్పొచ్చు. అందరికీ ఎక్కిందా అంటే, లేదు. ఇంగ్లిష్‌లో చెప్పినా అందరికీ ఎక్కదు.

ఇక్కడ ఇంకో పేరు చెప్పాలి. టొరంటోలోనే పనిచేసిన మెరిల్ స్వేన్. ఇమ్మర్షన్ పిల్లలు ఏళ్ళ తరబడి ఫ్రెంచ్ వింటూ ఉంటారు, వినడంలో ఫ్రెంచ్ పిల్లలకి దాదాపు సమానంగా ఉంటారు. మాట్లాడేటప్పుడూ రాసేటప్పుడూ మాత్రం లింగాలూ, కాలాలూ తప్పుతూనే ఉంటాయి. ఎందుకని ఆమె 1980లలో వెతికింది. వినడం ఒక్కటే చాలదు, పిల్లలు తమంతట తాము మాట వెతుక్కుని వాక్యం కట్టే అవసరం రావాలి, క్లాసులో అది తక్కువ పడుతోంది అన్నది ఆమె వాదన. మా మంచుగడ్డలూ, మిటెన్లూ సైన్స్ కోసమే కాదు. చెప్పకపోతే ఉండబట్టని సంగతి ఒకటి పుట్టించడం కోసం కూడా.

దీన్నిబట్టి మీరు పెట్టుకోవాల్సిన ఆశ ఎంతో కూడా చెప్పేస్తాను. పన్నెండో తరగతి అయ్యేసరికి మీ అమ్మాయి పారిస్ అమ్మాయిలా మాట్లాడదు. సినిమా చూస్తుంది, పేపరు చదువుతుంది, క్యుబెక్ వెళ్ళి ఉద్యోగం చెయ్యగలదు, తప్పులతో ధైర్యంగా మాట్లాడుతుంది. నా దృష్టిలో అది చాలా పెద్ద విషయం. ఇంటర్లో మార్కులు తెచ్చుకున్న నాకు లేనిది ఆ ధైర్యమే.

శుక్రవారం. పొద్దున్న చిన్న డిక్టే, అంటే వారంలో నేర్చుకున్న మాటలు నాలుగైదు చెప్పి రాయించడం. తర్వాత సంచీల్లో ఇంటికి పుస్తకాలు పెట్టడం. మధ్యాహ్నం మోంత్ర్ ఎ రకోంత్, అంటే ఇంటినుంచి ఒక వస్తువు తెచ్చి, చూపించి, మాట్లాడడం. మన తెలుగు పాప ఒకతి లక్క బొంగరం తెచ్చింది. ఏటికొప్పాకది, ఎర్రగా, పసుపు చారలతో. "సె మా తూపీ. ఎల్ ఎ రూజ్. ఎల్ తూర్న్." నా బొంగరం, ఎర్రగా ఉంటుంది, తిరుగుతుంది. ముందురోజు నేర్పిన మూడు వాక్యాలు అప్పజెప్పింది. అయిపోయిందని అందరూ చప్పట్లు కొట్టబోయారు. ఒకడు చెయ్యెత్తి ఎవరిచ్చారని అడిగాడు. ఇది అప్పజెప్పేది కాదు కదా. పాప ఆగింది. "మోఁ... తాత" అంది. మోఁ అంటే నా. ఫ్రెంచ్ తాత మాట గుర్తురాలేదో, గుర్తొచ్చినా ఆయన్ని ఆ మాటతో పిలవడం ఇష్టంలేదో. పిల్లలంతా "మోఁ తాత, మోఁ తాత" అని పట్టుకున్నారు. నేను దిద్దలేదు. ఆ తర్వాత ఎవరి తాతని వాళ్ళు ఏమంటారో చెప్పుకోవడంలోనే పీరియడ్ అయిపోయింది. నానాజీలు, యేయేలు, పాపీలు. బొంగరం మాత్రం నా టేబుల్ మీద చేరింది, ఎందుకంటే తిప్పడానికి కొట్టుకున్నారు.

సరే, వారం అయిపోయింది. ఇక మీ ఇంటి సంగతి.

ఇంటికి పంపే పుస్తకాన్ని పాప మీకు చదివి వినిపించాలి. మీరు దిద్దక్కర్లేదు, దిద్దకూడదు కూడా. మన నోట్లో ఆ నాజూకు శబ్దాలు పలకవు, పిల్లలకి తప్పు వినిపించడమెందుకు! పక్కన కూర్చుని వినండి. చదివాక, "ఏమైందే తోడేలుకి?" అని తెలుగులో అడగండి. తెలుగులో చెప్పనివ్వండి. కథ అర్థం కాకపోతే ఏ భాషలోనూ చెప్పలేదు, అర్థమైతే ఏ భాషలోనైనా చెప్తుంది. మీకు కావలసిన పరీక్ష అదే. టొరంటోలో జిమ్ కమిన్స్ అనే పండితుడు 1970ల చివరినుంచీ చెప్తున్నది ఇదే. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన ఇంకో భాషకి అక్కరకొస్తుంది, ఇంటి భాష మాన్పిస్తే బడి భాష బాగుపడదు. కాబట్టి ఫ్రెంచ్‌లో వేశాం గనక ఇంట్లో తెలుగు తగ్గిద్దామన్న ఆలోచన ఉంటే ఈ హాల్లోనే వదిలేసి వెళ్ళండి. తెలుగులో గలగలా కథ చెప్పగలిగే పిల్ల నా క్లాసుకి వస్తే నా పని సగం అయిపోయినట్టే. తడబడేది ఏ భాషా నిండుగా లేని పిల్ల.

ఇంకో విన్నపం. చుట్టాలొచ్చినప్పుడు, "అంకుల్‌కి ఫ్రెంచ్‌లో ఏదైనా చెప్పమ్మా" అనకండి. (నవ్వులు) మన ఇళ్ళల్లో ఇది మానడం కష్టమే, నాకు తెలుసు. మీరలా అనగానే వాళ్ళు నోరు మూసేస్తారు. పోయి బడిలో కూడా కొన్నాళ్ళు తెరవరు.

కొన్ని చేదు విషయాలు కూడా చెప్పాలి. ఆంటారియోలో ఫ్రెంచ్ టీచర్ల కొరత నిజం. ఏడాది మధ్యలో టీచరు సెలవు పెడితే వచ్చే సప్లై టీచరుకి ఫ్రెంచ్ వస్తుందన్న హామీ లేదు. కొన్ని బోర్డుల్లో సీట్లు చాలక లాటరీ తీస్తారు. ఇమ్మర్షన్ ఉన్న బడి మీ ఇంటి పక్కదే కాకపోవచ్చు, బస్సు తిప్పలుంటాయి. ఇంకోటి, మనవాళ్ళు కొందరు ఇమ్మర్షన్ అంటే తెలివైనవాళ్ళ సెక్షన్ అనుకుంటారు, కార్పొరేట్ కాలేజీ స్పెషల్ బ్యాచ్‌లాగా. కాదు. సర్కారు బడిలో ఫీజు లేకుండా అందరి కోసం పెట్టింది. అయితే ఇంగ్లిష్ సెక్షన్లో కష్టపడే పిల్లలు పోగవడం, ఇమ్మర్షన్లో మిగతావాళ్ళు పోగవడం చాలాచోట్ల జరుగుతోంది. దాన్ని చూసీ చూడనట్టు ఉండలేను. ఆ తేడా చూసి ఇందులో చేర్పిస్తున్నామని నాతోనే అన్నవాళ్ళున్నారు. అది నాకు నచ్చే కారణం కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక తల్లి: మా బాబుకి మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఇమ్మర్షన్ వద్దన్నారు కొందరు.)

అమ్మా, వాణ్ణి చూడకుండా నేను చెప్పకూడదు. స్పీచ్ థెరపిస్టు సలహా ముందు తీసుకోండి. ఒకటి మాత్రం చెప్తాను. మాటల్లోనూ చదవడంలోనూ ఇబ్బంది ఉన్న పిల్లల మీద మెక్‌గిల్‌లో ఫ్రెడ్ జెనెసీ లాంటివాళ్ళు చాలాకాలంగా పనిచేశారు. అలాంటి పిల్లలు ఇంగ్లిష్ క్లాసులో ఉంటే పడే కష్టం కంటే ఇమ్మర్షన్లో ఎక్కువ కష్టపడతారని వాళ్ళకి కనబడలేదు. భాష మార్చినంత మాత్రాన ఆ ఇబ్బంది పోదు కూడా. మీరు బడివాళ్ళని అడగాల్సింది, మీ ఇమ్మర్షన్ విభాగంలో ప్రత్యేక సాయం చేసే టీచరు ఉన్నారా, వారానికి ఎన్నిసార్లు వస్తారు అని. చాలాచోట్ల ఆ సాయం ఇంగ్లిష్ వైపే ఎక్కువుంటుంది. అసలు తేడా వచ్చేది అక్కడే.

(ఒక తండ్రి: ఒకవేళ నాలుగో తరగతిలో మానిపించాల్సి వస్తే, నష్టపోతాడా?)

మానేసేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారండీ, ముఖ్యంగా ఇంగ్లిష్ మొదలయ్యే ఏడాదీ, హైస్కూల్‌కి వెళ్ళే ఏడాదీ. ఇంగ్లిష్ క్లాసులోకి వెళ్ళాక మొదటి కొన్ని నెలలు స్పెల్లింగ్ దగ్గర సాయం కావాలి. లెక్కల్లో ఇబ్బంది ఉండదు, మాటలు మారతాయంతే. కోర్ ఫ్రెంచ్ పీరియడ్లో మాత్రం వాడు మిగతావాళ్ళకంటే చాలా ముందుంటాడు, కాస్త విసుగు కూడా వస్తుంది. కానీ ఒకసారి బయటికొస్తే మళ్ళీ ఒకటో తరగతి దారిలోకి చేర్చుకోరు. ఐదు, ఆరు, ఏడు తరగతుల్లో ఎక్కడో ఒకచోట మొదలయ్యే ప్రోగ్రాములు కొన్ని బోర్డుల్లో ఉన్నాయి, మీ బోర్డులో ఉన్నాయేమో కనుక్కోండి. అందుకని మానిపించే ముందు, మార్చిలో వచ్చే అలసట చూసి కాకుండా, టీచరుతో కూర్చుని మాట్లాడి నిర్ణయించుకోండి. రిజిస్ట్రేషన్ చాలా బోర్డుల్లో ఈ చలికాలంలోనే తెరుస్తారు, గడువు తక్కువుంటుంది. పుట్టినతేదీ కాగితం, ఇంటి అడ్రసు రుజువు దగ్గర పెట్టుకోండి. ఏ బడికి మీ వీధి వస్తుందో బోర్డు వెబ్‌సైట్‌లో అడ్రసు కొడితే చూపిస్తుంది.